పొరుగువాళ్ళు

వంటింటి బల్ల నాలుగు కాళ్ళ కిందా
నాలుగు సార్డీన్ చేపల డబ్బాలు,
వాటిలో నీళ్ళు, పైన ఒక్క చుక్క కిరసనాయిలు.
మా అత్త నేర్పిన కోట ఇది.
కందకంలో తడి ఉన్నంతవరకే
చక్కెర మనదే పిల్లా, అనేది.

వానకంటే ముందొస్తాయి.
పరానా నది మీద మబ్బు ఇంకా గుప్పెడంత ఉండగానే
కిటికీ చెక్క పగుల్లోంచి ఒకటి,
మీసాలాడించుకుంటూ
ఊరికే చూసిపోదామని వచ్చినట్టు.
దాన్ని నలిపేసి లాభం లేదు.
అది నడిచొచ్చిన దారిని తుడవాలి.
సబ్బు నీళ్ళు, ఆపైన వెనిగర్,
ఆపైన చెంప నేలకానించి
వాసన మిగిలిందేమో చూసుకోవాలి.

ఇరవై రెండేళ్ళు, ఈ ఎర్రమట్టిలో ఇదే నా కొలువు.
గోడకానిన నారింజ కొమ్మ కొట్టేశాను, వాటికది వంతెన.
పగుళ్ళలో సున్నం కూరాను.
కుళాయి కింద చెమ్మ ఆరేదాకా కన్ను మూయలేదు.
ఆకులు కోసే పెద్ద చీమలు ఒక్క రాత్రిలో
గులాబీని పుల్లగా మిగిల్చిపోతే
సతుర్నీనో పాత సైకిల్ ట్యూబు కోసి
మొదలుకు చుట్టి, గ్రీజు పూసి
"రాణిగారికి వడ్డాణం" అన్నాడు.

నా యుద్ధం ఆయనకెప్పుడూ నవ్వులాటే.
మాతే కషాయంలో రెండు చెంచాల చక్కెర,
నేనటు తిరిగితే మూడోది.
చెంచా నాకి బల్ల మీదే పెడతాడు.
"అవీ బతకాలిగా, ఎర్మెలిందా."

మొన్న మార్చిలో ఇల్లు అద్దంలా ఉంది.
డబ్బాల్లో నీళ్ళు తొణకలేదు.
జామపండ్ల జాము సీసా దగ్గర
చీమ కాదుగదా, చీమ నీడ కూడా లేదు.
పెరట్లో కంచె పక్కన మాత్రం,
మరుగుదొడ్డి దాకా నడిచే ఓపిక లేక
రాత్రుళ్ళు ఆయన నిలబడే చోట,
నల్లటి తాడొకటి.
తాడు కదులుతోంది.

గొంతుక్కూర్చుని చూశాను.
రాలిన పండు లేదు, ఒలికిన తేనె లేదు.
ఇక్కడ వీటికి తీపేం దొరికింది?
బూడిద చల్లితే చుట్టు తిరిగొచ్చాయి.
వేణ్ణీళ్ళు పోస్తే పొద్దుటికి మళ్ళీ వరస.
ఆ రాత్రి ఆయన చెప్పుల చప్పుడు నాలుగోసారి విని,
కూజా ఎత్తి గటగటా తాగడం విని,
చీకట్లో లేచి కూర్చున్నాను.
లెక్క కుదిరింది.

ఆరోగ్య కేంద్రంలో నర్సు ఫెర్మీనా
ఆయన వేలు గుచ్చింది. అంకె వంక చూసింది,
నా వంక చూసింది.
"షుగరని మీకెవరు చెప్పారు?"
నిజం చెబితే నవ్వుతుందని
పొరుగువాళ్ళు, అన్నాను.

ఇప్పుడూ డబ్బాల్లో నీళ్ళు మారుస్తూనే ఉన్నాను.
గడప దాటితే వెనిగరే, మొహమాటం లేదు.
కంచె దగ్గర మాత్రం ఏమీ చల్లను.
తెల్లారగానే వెళ్ళి
తాడు ఎంత పలచబడిందో చూసొస్తాను,
చేదు మాతే ఆయన చేతికిచ్చేముందు.
ఆయన మొహం చిట్లిస్తాడు. తాగుతాడు.

నిన్న పదకొండు.
ఇవాళ నది మీద మబ్బు పట్టింది.
వాన పడితే నా లెక్క తప్పుతుంది.