గడ్డకట్టకూడదు

పెట్టెలో ఉన్నది మందు.
చల్లగా ఉండాలట, గడ్డ మాత్రం కట్టకూడదట.
రెండు గీతల నడుమ ఎర్ర ముల్లు నిలబడాలి.
నాకు చదువు రాదు,
ఆ రెండు గీతలు వచ్చు.

మా మలూతీ కొండల్లో ఆగస్టు అంటే
బకెట్లో నీళ్ళు తెల్లారేసరికి రాయి.
ఎక్కడైనా మందుని ఎండ నుంచి దాస్తారట,
మేం మంచు నుంచి దాస్తున్నాం.
నర్సు ఖావుహెలో తన కంబళి విప్పి
పొంగాల్సిన రొట్టెపిండికి కప్పినట్టు
పెట్టెకి కప్పింది,
పళ్ళు టకటకలాడుతూ నా వెనక నడిచింది.
నా గుర్రం పేరు లెఫిఫి. చీకటి అని.
జారుడు బండ మీద
దానికి కనిపించినంత నాకు కనిపించదు.

వాగు దాటుతూ అడిగాను, ఇది ఏ జబ్బుకని.
చెప్పింది.
గర్భసంచి ముఖం దగ్గర
ఏళ్ళకేళ్ళు కిక్కురుమనకుండా కూర్చునే జబ్బుకని.
నేను జీను పట్టీ బిగించాను.
అది బిగుతుగానే ఉంది.

బడి అంటే రెండు గదులు, ఒక పొయ్యి.
పిడకల పొగలో ఇరవై ముగ్గురు ఆడపిల్లలు,
ఎడమ భుజాలు బయటపెట్టి, కళ్ళు గట్టిగా మూసి.
పుట్టిన తేదీ తెలియని వాళ్ళకి టీచరు
"పెద్ద మంచు పడ్డ ఏడు" అని రాసుకుని
వేళ్ళ మీద లెక్క కడుతోంది.
తొమ్మిది నిండాలి, పద్నాలుగు దాటకూడదు.

ఇరవై నాలుగో పేరు పిలిస్తే
గోడవార ముసలామె పలికింది.
"అది రాదు. ఈ సూదితో పిల్లలు పుట్టరట గదా?"
ఎవరన్నారు?
"జొన్నసారా కాసే చోట అందరూ అన్నారు."
నర్సు విసుక్కోలేదు.
"నా కూతురికి పోయినేడు వేయించాను నానమ్మా.
వేశాక మారిందేమీ లేదు,
పేడ ఎత్తమంటే అప్పుడూ ఏడుపే, ఇప్పుడూ ఏడుపే."
పిల్లలు నవ్వారు.
ముసలామె నవ్వలేదు. కాసేపటికి కర్ర పక్కన పెట్టి
ముడతల చేయి చాపింది:
"అయితే ముందు నాకు వెయ్యి."
పొయ్యిలో పిడక చిటపటమంది.
"నీకు సూది కాదు, పరీక్ష కావాలి. ఆస్పత్రికి రావాలి."
"గుర్రం ఎవరిస్తారు?"
నేనిస్తాను, అన్నాను.
అన్నది నేనేనా అని చుట్టూ చూశాను.

నా మాసెఅబాత రాత్రిళ్ళు బట్టలుతికేది.
దండెం వదిలేసి
గొడ్లదొడ్డి రాళ్ళ వెనక ఆరేసేది.
ఏదో దాస్తోందని అలిగాను, రెండు నెలలు మాట్లాడలేదు.
దాస్తూనే ఉంది మరి.
మసేరు పెద్దాస్పత్రికి రెండు రోజుల దారి.
డాక్టరు నా వైపు చూడలేదు,
కాగితం వైపే చూస్తూ
ఇంటికి తీసుకెళ్ళమన్నాడు.

ముసలామె కాగితం మీద వేలిముద్ర వేసి
కొండవైపు గడ్డం ఎత్తింది.
"పైన మంద దగ్గరుంది. నేనే పంపాను."
ఆ పిల్ల పేరు మ్పొలొకెంగ్.
నన్ను దాచి ఉంచండి అని అర్థం.
సీసా ఒక్కటే మిగిలింది. నర్సు పొద్దు చూసింది,
ముల్లు చూసింది, నన్ను చూసింది.

పైకి ఎక్కాం.
అన్న మగాడయ్యే దీక్షకి పోతే
వాడి బూట్లలో, వాడి కంబళిలో
నలభై గొర్రెల మధ్య నిలబడి ఉంది.
కుక్క మొరిగింది. పిల్ల నన్నడిగింది, నొప్పిగా ఉంటుందా అని.
నాకేం తెలుసు?
లెఫిఫి జూలు పట్టుకోమన్నాను.
పట్టుకుంది. గుర్రం కదల్లేదు.
సూది తీసేసరికి పిల్ల గొర్రెల్ని లెక్కపెడుతోంది,
ముప్పై తొమ్మిదే వచ్చాయని తిట్టుకుంటూ పరిగెత్తింది.

దిగుతుంటే చీకటి పడింది, గాలి కోసేస్తోంది.
ఖాళీ పెట్టె మీద కంబళి అలాగే ఉంది.
ఇంక తీసి కప్పుకో అమ్మా, అన్నాను.
అరె, మర్చిపోయానే, అంది.
నేను మాత్రం ఒకసారి
ముల్లు వైపు చూశాను, అలవాటుగా.
రెండు గీతల నడుమే ఉంది.