రెండు నొక్కుల మధ్య

వైయాలా లైబ్రరీలో గురువారం పొద్దున పదింటికి
నాలుగు కంప్యూటర్లు, ముగ్గురు విద్యార్థులు,
ఒక టీ కెటిల్, నేను.
అందరిలోకీ చిన్నది మిలాగ్రోస్, అరవై ఎనిమిదేళ్లు.
కిటికీ అద్దం మీద ఎర్రదుమ్ము.
ఫ్యాక్టరీ వైపు నుంచి గాలి తిరిగితే
ఈ ఊళ్లో ఆరేసిన దుప్పట్లకి కూడా ఇనుము రంగు పడుతుంది.

క్లారీ ముప్పై ఎనిమిదేళ్లు అక్కడ క్రేను నడిపాడు.
కాలుతున్న ఉక్కుదిమ్మెల్ని
కోడిగుడ్డు దించినంత మెత్తగా నేలకు దించినవాడు
ఒక ఫైలు దించుకోలేక కూర్చున్నాడు.
కావలసింది పడవ ప్లాను.
పన్నెండడుగుల ప్లైవుడ్ పడవ,
మనవరాలితో కలిసి గ్యారేజీలో చేసి
స్పెన్సర్ అఖాతంలోకి తోద్దామని.
"మూడు వారాలుగా నొక్కుతున్నా. రానంటోంది."

వచ్చే ఉంటుంది, అన్నాను.
కిందికి చూపించే ఆ బాణం గుర్తుందే,
అది సామాను తెచ్చి వరండాలో పడేసి పోయే రకం.
తలుపు తట్టదు. కేకెయ్యదు.
ఆ వరండా పేరు డౌన్‌లోడ్స్.

పసుపుపచ్చ ఫోల్డరు తెరిచాం.
పడవ ప్లాను.
పడవ ప్లాను ఒకటి.
పడవ ప్లాను రెండు.
అలా పదిహేడు దాకా,
రేవులో వరసగా కట్టేసినట్టు.
క్లారీ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.
"పద్దెనిమిది పడవలా?"

పిల్లని చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అని
మా భాషలో ఓ మాటుంది, చెప్పబోయాను.
ఇంగ్లీషులోకి దించేసరికి చంక ఎక్కడో, పిల్ల ఎక్కడో.
స్టావ్రూలాకి మాత్రం అందింది.
నెత్తి మీదికి నెట్టుకున్న తన కళ్లజోడు
వేలితో తట్టి చూపించింది.

సరే తెరుద్దాం. రెండుసార్లు నొక్కండి, వెంటవెంటనే.
వేలు దిగింది. లేచింది.
గాల్లో ఆగి వణికింది.
ఎక్కడ వాలాలో చూసుకుని
కొక్కెంలా మళ్లీ దిగింది.
ఈలోగా కంప్యూటరు మొదటి నొక్కుని మరిచిపోయింది.
ఇంకోసారి.
ఇంకోసారి.
"తెరవమంటే పేరు మారుస్తావా అంటుందేమిటి ఇది?"

ఎంటర్ మీట నొక్కమనొచ్చు, పనైపోతుంది.
ఆయన మొహం చూసి అనలేదు.
సెట్టింగుల అడుగున, ఎవరూ వెళ్లని మూల
ఓ సన్నటి గీత ఉంటుంది,
నొక్కుకీ నొక్కుకీ ఎంత ఎడం ఓర్చుకోవాలో చెప్పేది.
దాన్ని నిదానం వైపు చివరంటా జరిపాను.

క్లారీ నొక్కాడు.
ఒక ఊపిరి.
నొక్కాడు.
తెరనిండా పడవ విచ్చుకుంది,
వెన్నుదూలం, పక్కటెముకలు, అంగుళాల్లో కొలతలు.
ఎవరో చప్పట్లు కొట్టారు, మిలాగ్రోస్ కాబోలు.
అప్పటిదాకా ఆమె తన బ్యాంకు కాగితం కోసం
చెత్తబుట్ట బొమ్మలో వెతుకుతోంది.

పదకొండు పేజీలు వెచ్చగా బయటికొచ్చాయి.
పేజీకి ఇరవై సెంట్లు,
నాణేలు దొంతరగా పేర్చి లెక్క అప్పజెప్పాడు.
మిగతా పదిహేడూ చెరిపేద్దామా?
"ఉండనీ. ఊరికే రాలేదవి."

రాత్రి ఇంట్లో, నా ల్యాప్‌టాప్‌లో
అదే పసుపుపచ్చ వరండా.
చర్మం క్లినిక్ వాళ్ల రిపోర్టు
సోమవారం నుంచి అక్కడే పడుంది.
భుజం మీంచి గోరంత ముక్క కోసుకుపోయారు.
ఎక్కడుందో తెలుసు.
ఎలా తెరవాలో కూడా తెలుసు,
ఈ ఊళ్లో ఎంతమందికి నేర్పలేదు!

ఒకసారి నొక్కాను.
పేరు చుట్టూ నీలం పరుచుకుంది.
వేలు గాల్లో ఉంది.
క్లారీ కంప్యూటరుకి చెప్పినట్టు
దీనికింకా చెప్పలేదు,
కాస్త ఆగమని.