నాలుగు మరమేకులు

మా సంఘానికి చట్టం ఇచ్చింది ఒక్కటే క్రియాపదం:
సూచించవచ్చు.
తుపాకీ లేదు, తాళంచెవి లేదు.
రీగాలో మూడో అంతస్తు, మొరాయించే లిఫ్టు,
తొమ్మిది కుర్చీలు.
అందులో ఒకటి ఆర్థిక శాఖ ప్రతినిధిది.
ఆయనా రాలేదు, ఆయన కోట్లూ రాలేదు గనక
చలికాలమంతా ఆ కుర్చీ మీద
మా కోట్లు వేసుకుంటాం.
అడిగితే చెబుతాం. అడక్కపోయినా చెబుతాం.
నేను రాసుకుంటాను.

మార్చి నెలాఖరు. మంచు కరిగి దారంతా బురద.
లాట్‌గలెలో, సరిహద్దుకు పదమూడు కిలోమీటర్ల ఇవతల
ఒక కొయ్య చర్చి.
వ్యానులో నా ఒళ్ళో, పాత పేపర్లో చుట్టిన రేకు:
నీలం, తెలుపు డాలు.
యుద్ధమంటూ వస్తే, పైనుంచి చూసేవాడు
దీన్ని చూసి చెయ్యి వెనక్కి తీసుకోవాలని
దేశాలు కూర్చుని ఒప్పుకున్న గుర్తు.
చిన్న కవరులో నాలుగు మరమేకులు.

గేటు దగ్గర గెనొవెఫా.
డెబ్భై తొమ్మిదేళ్ళు, రబ్బరు బూట్లు,
జానెడు పొడవు తాళంచెవి.
మా అధ్యక్షుడు తాలివాల్దిస్ టోపీ తీసి
ఒప్పందం, అధికరణం, అనుబంధం అన్నీ వినిపించాడు.
ఆమె అంతా విని
"ఇది, చూసి వదిలేసేవాడికేనా?
చూసి కొట్టేవాడికి కూడానా?" అంది.
నేను మినిట్స్‌లో రాశాను:
"స్థానికులు ఒక సందేహం వెలిబుచ్చారు."

స్కైద్రీతె డ్రిల్లు బయటికి తీసింది.
రొట్టె కాలిందో లేదో చూసినట్టు
దూలాన్ని వేళ్ళతో తట్టింది.
"ఆగండి" అని గెనొవెఫా లోపలికెళ్ళి
గాజు పటం ఒకటి తెచ్చింది.
దేవుడి పటం అనుకున్నాను.
మా ఉత్తరం.
పద్నాలుగేళ్ళనాటిది. మా ముద్ర,
ఇంకా వణుకు పట్టని తాలివాల్దిస్ సంతకం.
"ఈ గోడల్లోకి ఇకపై ఏ మేకూ, ఏ మరా దిగరాదని
సూచన."

ఆ రోజు నుంచి ఆమె
క్యాలెండరు కూడా తగిలించలేదట.
సిలువ మార్గం పటాల్లో ఒకటి
ఆరేళ్ళ కింద ఊడిపడితే
తిరిగి కొట్టించలేదు, ముందు వరస బెంచీ మీద కూర్చోబెట్టింది.
వంగి చూశాను. పదకొండోది.
మేకులు దిగ్గొట్టే దృశ్యం.

మా మాట తు.చ. తప్పకుండా పాటించిన మనిషిని
మాలో ఎవరూ అంతకుముందు చూడలేదు.
ఏం చెయ్యాలో తోచలేదు.

అక్కడే అత్యవసర సమావేశం పెట్టాం.
మేకు పడకపోతే డాలు నిలవదు.
పడితే, డాలు కాయాల్సింది కాస్త తగ్గుతుంది.
"కాస్తంటే, నాలుగు మిల్లీమీటర్ల చిల్లు, నాలుగుసార్లు,"
అంది స్కైద్రీతె. ఎవరూ నవ్వలేదు.
గెనొవెఫా గ్లాసుల్లో బర్చ్ చెట్ల నీళ్ళు పోసింది.
పొద్దున తీసినవి. తీపో కాదో
తేల్చుకోలేనంత తీపి.
"వీటికీ చెట్టుకు చిల్లు పెట్టే తీశారు కదా" అన్నాడు తాలివాల్దిస్,
మెల్లగా, దారి దొరికిందేమోనని.
"మాను మానుతుందయ్యా," అంది ఆమె.
"కొయ్య మానదు."

గంటన్నర తర్వాత తీర్మానం:
గంటకు కట్టి తెగిన పాత అవిసె తాడు ముక్కతో
చూరు కింది దూలానికి డాలు వేలాడదీయడం.
తాత్కాలికంగా.
ముడి ఆమే వేసింది. మేం చూశాం.
మరమేకులు నా జేబులోనే తిరిగొచ్చాయి.
ఖర్చుల పద్దులో వాటినెలా చూపాలో
ఇప్పటికీ తెలియదు.

అక్టోబరులో ఉత్తరం వచ్చింది.
గళ్ళ కాగితం, ఊదారంగు సిరా.
వచ్చే సమావేశంలో ఏడో అంశంగా చేర్చాను,
జవాబు ముసాయిదా కింద ఖాళీ వదిలాను.

"గౌరవనీయులైన సంఘానికి.
గాలి మొదలైంది. డాలు ఊగి
రాత్రిళ్ళు గోడను తడుతోంది.
ప్రతిసారీ లేచి, దీపం పట్టుకుని వెళ్ళి
ఎవరని అడుగుతున్నాను.
సూచించగలరు."