ఎడమవైపు కిటికీ

పదో తరగతి పరీక్ష దరఖాస్తులో
పుట్టుమచ్చలు రెండు రాయాలి.
సోషల్ మాస్టారు నా మోచేయి తిప్పి చూశారు,
మణికట్టు చూశారు,
ఆవగింజంత దాన్నొకటి వెతికి పట్టుకుని
"ఇదుగో, దొరికిందమ్మా" అని సంతోషించారు.
కణత నుంచి దవడ దాకా
నేరేడుపండు తిన్న నాలుక రంగులో
పరుచుకున్నదాన్ని ఆయన చూడలేదు.
చూడకపోవడమే మర్యాదని ఎవరో నేర్పి ఉంటారు.
సర్టిఫికెట్ ప్రకారం
నా ముఖం మీద ఏమీ లేదు.

అమ్మ గ్రహణం అంటుంది.
ఆ పూటంతా కదలకుండానే పడుకున్నానని,
ఒక్కసారి, ఒక్కసారే,
చెంప మీద దోమని కొట్టానని.
ఇరవై తొమ్మిదేళ్లుగా
ఆ దోమ దగ్గరే ఆగిపోయింది.

నగరంలో గ్యాసు గొట్టం పేలాక
కొత్తవాళ్లందరిదీ ఒకటే మాట:
"నువ్వూ ఆ పొద్దుటేనా?"
కాదంటే నమ్మరు.
ఇంకెవరికో చెందాల్సిన జాలిని
చిల్లరలా నా అరచేతిలో పెట్టి దిగిపోతారు.
తిరిగి ఎవరికివ్వాలో తెలీదు.

అందుకే బస్సులో నాకో లెక్కుంది.
ఎడమ వరస, కిటికీ పక్క.
మచ్చ పొలాలకి,
మామూలు చెంప మనుషులకి.
వరిచేలూ రొయ్యల చెరువులూ
ఒక్క ప్రశ్న అడగవు.

మొన్న తాటిపాకలో ఎక్కేసరికి
ఆ ఒక్క సీటే ఖాళీ.
నాకంటే ముందు ఒక గోనెసంచీ
కిటికీ పక్కకి దూసుకుపోయింది,
వెనకే ఒకావిడ.
"అమ్మా, నాకు కిటికీ కావాలి."
"నాక్కూడానండి."
"వాంతులవుతాయి నాకు."
ఎప్పుడూ చెప్పే అబద్ధం.
"నాకూ అంతేనండి," అని ఇటు తిరిగింది.

ఎడమ చెంపే.
చెవి కింద మొదలై మెడ మీదుగా
జాకెట్టు లోపలికి,
ఎవరి చేలోకి పోతుందో తెలియని పంటకాలువలా.

మా ఇద్దరికీ
జన్మలో బస్సులో వాంతి కాలేదు.

పెద్దది కదా, కిటికీ ఆవిడకే వదిలాను.
నా మచ్చ వైపు ఒక మనిషి కూర్చోవడం
అదే మొదటిసారి.
పేరడగలేదు, ఊరడగలేదు.
"చలికాలం నల్లబడుద్దా అండి, మీది?"

ఈ ప్రశ్న కోసం ఇన్నేళ్లూ
ఎదురుచూస్తున్నానని నాకే తెలీదు.

"ఊదా రంగులోకి పోతుంది.
వేణ్ణీళ్లు పోసుకుంటే ఎరుపు."
"ఆయ్. కోపమొచ్చినా."
"కోపమొచ్చినా."

కాకినాడలో లేజర్ చేయించుకుందట, నాలుగుసార్లు.
రబ్బరు బ్యాండు లాగి వదిలినట్టుంటుందట,
ఒకే చోట, వెయ్యిసార్లు.
తగ్గిందా అని నేనడగలేదు.
ఐదోసారికి దాచిన డబ్బుతో గేదెని కొన్నానంది.
ఎలా ఉంది అన్నాను.
గేదె గురించే అడిగానని ఆవిడకి తెలుసు.
చూడితో ఉందంది.

స్టూడియో కుర్రాడు అడక్కుండానే
ఫొటోలో చెరిపేస్తాడని నేనన్నాను.
"దానికి డబ్బులు కూడా తీసుకోడండి!
ఇంటికి తెస్తే మా ఆయన
ఇదెవరే అన్నాడు."
కండక్టరు వెనక్కి తిరిగేంతగా నవ్వాం.

పాశర్లపూడి దాటి వంతెనెక్కేసరికి చీకటి.
డ్రైవరు లోపల లైట్లేశాడు.
అద్దంలో వైనతేయ పోయి
మేమిద్దరం వచ్చాం.
కొంచెం సేపు, నది పొడుగునా,
ఎవరూ ముఖం తిప్పుకోలేదు.

అమలాపురంలో సంచీ దింపుతూ అప్పుడు చెప్పింది:
ఎస్తేరు. ఆదుర్రులో అంగన్‌వాడీ ఆయా.
"మా దగ్గరో పిల్లుందండి, మూడేళ్లది.
నుదురంతా ఉంది దానికి.
వాళ్లమ్మ జుట్టు దించి, దాని మీద టోపీ పెట్టి పంపుద్ది,
ఎండాకాలంలో కూడా.
ఓసారి రండి.
ఏం చెప్పక్కర్లేదు.
వచ్చి, కాసేపు గుడ్లూ పాలూ పంచి పోదురుగాని."

శనివారం వెళ్తున్నా.
ఏ వైపు కూర్చోవాలో
ఇంకా తేల్చుకోలేదు.