భద్రతా గుణకం

మొదటి రోజే బోర్డుకు ఎడమ పక్కన రాస్తాను,
తుడవొద్దని చుట్టూ గీత గీసి:
హాజరు డెబ్బై అయిదు శాతం.
ఎనిమిదిన్నర దాటిన అయిదు నిమిషాలకు తలుపు వేస్తాను.
అసైన్‌మెంట్ ఒక రోజు ఆలస్యమైతే పదో వంతు కోత,
మూడో రోజు తీసుకోను.
కూడికలో తప్పుంటే మూడు రోజుల్లో చెప్పాలి.
కాలిక్యులేటర్ ఎవరిది వాళ్లదే.

వెనక బెంచీలో ఎవరో తమిళంలో ఏదో అంటారు, నవ్వుతారు.
పదకొండేళ్లుగా అదే జోకు.
ఇప్పుడు నాకు అర్థమవుతుంది,
కానట్టే ఉంటాను.

స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ నా సబ్జెక్టు.
దూలం ఎంత మోయగలదో లెక్కకట్టి
అందులో సగమే మోయమంటాం.
ఉక్కును నమ్మక కాదు, మన లెక్కను నమ్మక.
లోపలెక్కడో కంటికానని పగులుండొచ్చు,
మేస్త్రీ సిమెంటు తగ్గించి ఉండొచ్చు,
అడక్కుండా ఎవరో పైన నీళ్ల ట్యాంకు పెట్టొచ్చు.
ఆ జాగ్రత్తకే భద్రతా గుణకం అని పేరు.
ఈ పాఠం చెప్పే రోజు నా గొంతు కాస్త బాగుంటుంది.

పిల్లల మార్కులకు మాత్రం
యాభై అంటే యాభై.

జె. చెంగల్రాయన్ అని ఉంటుంది రిజిస్టర్లో.
చివరి 'న్' ఈ చెన్నై తగిలించింది.
వాడు తడలో లోకల్ ఎక్కుతాడు, ఇంకా తెల్లారకముందే.
కొరుక్కుపేట సిగ్నల్ దగ్గర ఆ బండి
అలిగిన అల్లుడిలా నిలబడిపోతుంది.
ఎనిమిదీ ముప్పై ఏడుకు
తలుపు అద్దంలో వాడి నుదురు, చెమటతో.
తట్టడు.
అరవై క్లాసుల్లో పద్నాలుగు సార్లు చూశాను ఆ నుదుటిని.
పద్నాలుగు సార్లూ బోర్డు వైపు తిరిగి
షియర్ ఫోర్స్ బొమ్మ గీశాను
అవసరమైన దానికన్నా నిదానంగా.

సెమిస్టర్ చివర జాబితా అతికించాను. వాడికి యాభై.
రెండో రోజు సాయంత్రం
జవాబు పత్రంతో స్టాఫ్ రూమ్ గడపలో నిలబడ్డాడు.
మార్కులడగడానికి వచ్చేవాళ్ల నడక నాకు తెలుసు:
ముందు నవ్వు వస్తుంది, తర్వాత మనిషి,
ఆ వెనకే వాళ్లమ్మ ఆపరేషను.
వీడు కాగితం బల్ల మీద పరిచి
నాలుగో ప్రశ్న మీద వేలుంచాడు.
"ఇక్కడ ఆరు మేడం. ముందు పేజీ గళ్లలో ఎనిమిది ఎక్కించినారు."

పక్క బల్ల దగ్గర కుముదవల్లి
టిఫిన్ డబ్బా మూత పెట్టబోయి ఆగింది.
"దిద్దితే ఏమవుతుందో తెలుసా?"
"తెలుసు మేడం. మూడు రోజుల్లో చెప్పాలన్నారు గదా."

అన్నాను.
కానీ ఆ ముక్క రాసేటప్పుడు
తీసుకోవడానికి వచ్చేవాళ్లే నా కళ్ల ముందున్నారు.
తిరిగి ఇవ్వడానికి వస్తారనుకోలేదు.

ఎర్ర పెన్ను తీశాను.
ఎనిమిది కొట్టేసి ఆరు.
యాభై కొట్టేసి నలభై ఎనిమిది.
కొట్టివేతల పక్కన పొట్టి సంతకం, రూలు ప్రకారం.
వాడు థాంక్యూ అన్నాడు. దేనికో అడగలేదు నేను.
బండి అందుకోవాలని మెట్ల మీద పరుగు.

"వెతికితే ఎక్కడో రెండు మార్కులు దొరకవా" అంది కుముదవల్లి.
వెతికాను.
ఆ రాత్రి పెరంబూర్ ఇంట్లో పేపరంతా మూడుసార్లు దిద్దాను.
రెండో ప్రశ్నలో ఒక అర దొరికింది.
ఇంకా సాగదీస్తే తెగేలా ఉంది.
తెగేది రూలా, నేనా,
తేల్చుకోకుండానే దీపం ఆర్పేశాను.

సప్లిమెంటరీలో పాసయ్యాడు, అరవై ఒకటి.
ఆ పేపరు నేను దిద్దలేదు.

ఈ జూలైలో మళ్లీ ఎడమ పక్కన రాశాను.
హాజరు మార్చలేదు, కోత మార్చలేదు.
తలుపు దగ్గరికొచ్చేసరికి సుద్ద ఆగింది.
అయిదు చెరిపి పది చేస్తే
ఎనిమిదీ నలభై ఒకటికి ఇంకెవరిదో నుదురు.
అదీ తెలుసు.
అయినా పది అనే రాశాను.
వెనక బెంచీలో నవ్వారు.
ఈసారి జోకు కొత్తది,
నాకు అర్థం కాలేదు.