ఎదురుగాలి

ట్రోండుర్ మాస్టారు ముందు గాలిని అడిగేవాడు,
తర్వాతే మా పదకొండు పేర్లు రాసేవాడు.

టోర్స్‌హావ్న్‌లో వాళ్ల వంటింటి బల్ల మీద
ఎండుచేప ముక్కలు వెనక ఐదు, మధ్యన నాలుగు,
ముందు ఒక్కటే ఉప్పుడబ్బీ.
అది నేను.
"నీకు బంతి రాదు. అయినా పరిగెత్తు.
వాళ్లలో ఇద్దరు నీ వెంట పడితే
మన గుమ్మంలో ఇద్దరు తగ్గినట్టే."

పందొమ్మిదేళ్లు దేశపు జట్టుకి కోచ్. గెలిచినవి పదకొండు.
ఓడిన రాత్రి తిరుగు పడవలో ఎవరూ నోరు విప్పకపోతే,
బళ్లో లెక్కలు చెప్పే మనిషి కదా,
"పోయినసారి ఏడు తిన్నాం, ఈసారి మూడు.
నాలుగు మిగిల్చాం. పడుకోండి."

బంతి పైకి లేపితే మాత్రం ఊరుకోడు:
"సముద్రానికి పాస్ ఇస్తావేంట్రా!"

మొన్న ఆయన్ని గుట్ట మీదికి మోశాం, ఆరుగురం.
ఎదురుగాలి.
ఎవరూ ఏమీ అనలేదు.
భుజాలు దించాం, దగ్గరగా జరిగాం,
అడుగులు చిన్నవి చేశాం.

రాత్రి సూప్ చల్లారిపోతుంటే
బల్ల మీద ఉప్పుడబ్బీని
కాస్త ముందుకి జరిపాను.
బంతి రాదు.
తెలుసు.