తాడు పట్టే పిల్ల

దానికి మేం పెట్టిన పేరు బకెట్.
మొట్టమొదటిదాన్ని
ఉప్పుమాంసం వచ్చే తెల్ల బకెట్‌కే బిగించాం మరి.
మునగడం బాగానే మునిగింది.
తేలడమే రాలేదు.

ఇది నాలుగోది.
ప్లంబింగ్ పైపుల అస్థిపంజరం,
పడవ అడుగున నీళ్ళు తోడే పంపుల్లోంచి పీకిన
మూడు మోటార్లు.
వాటిల్లోకి నీరు దూరకుండా
కమోడ్ కింద వేసే మైనం కరిగించి పోశాం,
మిస్ పెన్నీ వంటింట్లో, ఆవిడ జామ్ కాచే గిన్నెలో.
ఆ ఏడు ఆవిడ జామ్ చెయ్యలేదు.
ఎందుకని మేమూ అడగలేదు.

టిల్లీస్ ఆర్మ్ బడిలో పెద్ద తరగతులన్నీ కలిపి పంతొమ్మిది మందిమి.
హాకీకి చాలం, నాటకానికి చాలం.
లియాండర్ టంకం వేస్తాడు,
ఎన్ని వైర్లు అతికాడో వాడి వేళ్ళ మచ్చలు చెబుతాయి.
హైన్స్ కవలలు తూకం చూస్తారు,
ఇక్కడో నురగ ముక్క, అక్కడో నట్టు,
బకెట్ మునగక తేలక త్రిశంకులా నిలిచేదాకా.
కెజాయా నడుపుతుంది.
నేను తాడు పడతాను.

తాడంటే పదిహేను మీటర్ల కేబుల్,
కరెంటూ కబురూ అందులోంచే.
వదలాలి, అందుకోవాలి, చుట్టాలి.
లాగకూడదు.
లాగితే పాయింట్లు కోస్తారు.
జట్టులో నీ పనేమిటమ్మా అని జడ్జి అడిగితే
కాసేపు నీళ్ళు నమిలి
"లాగకుండా ఉండటమండీ" అన్నాను.
ఆయన రాసుకున్నాడు. ఏం రాసుకున్నాడో.

సెయింట్ జాన్స్‌లో ట్యాంకు.
కెజాయాకి నీళ్ళు కనిపించవు, తెర మాత్రమే.
నాకు తెర కనిపించదు.
మధ్యలో నల్లగుడ్డ,
గుడ్డ కిందినుంచి తాడు.

ఏడో నిమిషంలో పంజా పసుపు రింగును పట్టింది.
అప్పుడు
మూడు గొంతులతో గునిసే తాడు
నా అరచేతిలో రెండు గొంతులకి దిగింది.
లైటేదీ వెలగలేదు, ఎవరూ చెప్పలేదు.
ఇంజన్ దగ్గితే నిద్రలోనే లేచి కూర్చునే మా నాన్న
గుర్తొచ్చాడు.
"ఎడమది పోయింది!" అరిచాను.
గుడ్డ అవతల ఏమీ లేదు, కాసేపు.
తర్వాత కెజాయా:
"పోతే పోయింది."

ఒక్క కుడి మోటారుతో బకెట్
గానుగెద్దులా తిరిగింది,
చుట్టుకో జానెడు కొక్కెం వైపు జరుగుతూ.
తాడు మెలిపడకుండా నేనూ తిరిగాను,
తడిసిన సాక్సుల్తో, ట్యాంకు గట్టున,
ఏ దేవుడూ లేని ప్రదక్షిణం.
రింగు కొక్కేనికి తగిలింది.
తగిలి, జారింది.
గంట కొట్టేశారు.

పద్నాలుగు జట్లలో పదకొండు.
గెలిచిన రోబో నున్నగా సొరచేప పిల్లలా ఉంది.
దాని తాడు పట్టే కుర్రాడొచ్చి
"ఎలా కనిపెట్టావ్?" అన్నాడు.
చెయ్యి చూపించాను.
వాడు తన చెయ్యి చూసుకున్నాడు.

తిరుగుదారిలో మూస్‌లు అడ్డొచ్చి రెండుసార్లు ఆగాం.
వ్యాను వెనక సీట్లో లియాండర్ మోటారు విప్పాడు.
మైనం చీలికలో ఒకే ఒక్క చుక్క.
నాలిక్కి రాసుకున్నాడు.
"ఉప్పు" అన్నాడు.
ట్యాంకు నీళ్ళు చప్పనివి.
అంటే అది మన రేవుదే,
ఇంటినుంచే ఎక్కించుకుని వెళ్ళాం.
మిస్ పెన్నీ ఎందుకో నవ్వడం మొదలెట్టి
ఆపలేకపోయింది.

సోమవారం బడి వదిలే వేళకి
గార్లండ్ టిజార్డ్ గేటు దగ్గర నిలబడున్నాడు, టోపీ చేత్తో పట్టుకుని.
పంకాకి వల తాడు చుట్టుకుందట.
పట్నం నుంచి డైవరొస్తే నాలుగొందల డాలర్లట.
"మీ బకెట్ ఖాళీగా ఉందా?"

రేవు చెక్కల మీద, టార్పాలిన్ కింద పాత టీవీ.
నీళ్ళు చీకటి.
కెజాయా పెదవి కొరుక్కుంటూ దింపింది, దింపింది,
పంజా ఏదో పట్టింది.
"ఈసారి లాగొచ్చా?" అడిగాను.
కేబుల్ తెగితే తన పూచీ లేదన్నాడు లియాండర్.
టిజార్డ్ మా ఇద్దర్నీ చూసి
"తాడో పేడో, లాగు పిల్లా" అన్నాడు.

కాళ్ళు ఎడంగా పెట్టాను.
లాగాను.